పాతర

మా ఊళ్లో జొన్నలను పాతరల్లో దాచేవాళ్లు. కర్నూలు జిల్లా నల్లరేగడి ఊళ్లలో నా చిన్నప్పటిదాకా ఆ పద్ధతి మిగిలే ఉంది. ఇంటి ముందు మిట్టగా ఉన్న చోటు చూసి నిలువెత్తు గొయ్యి తవ్వేవాళ్లు. చుట్టూ చొప్ప పేర్చి, గింజలు పోసి, పైన మళ్లీ గడ్డి పరిచి, బండ మూసి మట్టి మెత్తేవాళ్లు. ఇక దాని మీద బండ్లు నడిచేవి, మేం గోళీలాడుకునేవాళ్లం. కాళ్ల కింద రెండేళ్ల తిండి ఉందని కొత్తవాడికి తెలిసే వీలు లేదు. తెలియకూడదనే గదా తవ్వింది!

పాతర తీసే రోజు మాత్రం పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. మూతబండ జరపగానే ఒక వాసన లేచేది. కుళ్లు అనలేం, పులుపు అనీ అనలేం. మా తాత ఆ గొయ్యిని అట్లాగే తెరిచిపెట్టి, ఇంట్లోకెళ్లి సద్ది తిని, తీరిగ్గా వచ్చేవాడు. అప్పుడు లాంతరు వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించేవాడు. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. కొండెక్కితే ఇంకో పూట ఆగాల్సిందే. తొందరపడి దిగి, ఊపిరాడక అందులోనే పోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఒకటీ అరా ఉండేవి.

మన భాషలో ఈ మాట చిత్రమైంది. పాతర అంటే కరువుకాలానికి దాచుకున్న తిండి. పాతరెయ్యడం అంటే మళ్లీ పైకి రాకుండా పూడ్చెయ్యడం. దాచడమూ పూడ్చడమూ ఒకే మాటలో సర్దుకుని కూచున్నాయి. ఏది ఏదో మూత తీస్తేగాని తెలియదు.

ఈ మధ్య ఆర్మీనియన్ల కుటుంబ స్మృతులు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే నాకు ఆ పాతరా, తాత దించిన ఆ లాంతరూ పదే పదే గుర్తొచ్చాయి.

*

మొదటి పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. ఫెతియే చెతిన్ అనే టర్కీ న్యాయవాది తన అమ్మమ్మ గురించి రాసింది. టర్కిష్ మూలం 2004లో వచ్చింది, నేను చదివింది ఇంగ్లిష్ అనువాదం. మూలంలో పేరు 'అన్నెఆన్నెమ్'. 'అన్నె' అంటే అమ్మ. 'అన్నెఆన్నె' అంటే అమ్మకు అమ్మ. మన 'అమ్మమ్మ'లాగే తల్లిని రెండుసార్లు పిలిచి కట్టిన మాట. ఆ పోలిక చూశాక పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు.

ఫెతియే 1950లో తూర్పు టర్కీలోని మాదెన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోతే తాతగారింట్లో పెరిగింది. అమ్మమ్మ పేరు సెహెర్. ఇంటికి పెద్ద దిక్కు, ఇరుగుపొరుగుకు పెద్ద మనిషి. ఆమె ముస్లిం ఇల్లాలు కాదనుకునే అవసరం ఎవరికీ రాలేదు. 1970లలో ఫెతియే అంకారాలో లా చదువుతున్నప్పుడు ఆ అమ్మమ్మ ఒకరోజు మనవరాలిని పక్కకు పిలిచింది. అమెరికాలో తనవాళ్లున్నారని, వెతికిపెట్టగలవా అని అడిగింది.

అప్పటికామెకు డెబ్భై. అరవై ఏళ్లుగా నోట రానివ్వని పేర్లు వరసగా చెప్పింది. తన పేరు సెహెర్ కాదు, హెరానుష్. అమ్మ ఇస్గుహి. నాన్న హొవాన్నెస్. ఇంటిపేరు గదార్యాన్. ఊరు హబాబ్.

ఆ తర్వాత దారి గురించి చెప్పింది. 1915లో ఊళ్లో మగవాళ్లను ముందు తీసుకుపోయారు. మిగిలిన ఆడవాళ్లనూ పిల్లలనూ ఊరు విడిపించి నడిపించారు. ఒక ఏటి దగ్గర హెరానుష్ నాయనమ్మ, తల్లీతండ్రీ లేని ఇద్దరు మనవలను, ఇక నడవలేని పసివాళ్లను, తన చేతులతోనే నీళ్లలోకి తోసింది. తోసి తనూ దూకింది. చెర్మిక్ అనే ఊరి దగ్గర ఒక జెండార్మరీ కార్పొరల్ హెరానుష్‌ను తల్లి దగ్గరినుంచి తీసుకుపోయాడు. ఆ పిల్లకు అప్పుడు తొమ్మిదీ పదేళ్లు. తల్లి నడుస్తూనే పోయింది. ఎట్లాగో ప్రాణాలతో అలెప్పో చేరింది. మాదెన్‌కూ అలెప్పోకూ అమెరికాకూ మధ్య ఒక కుటుంబం ముక్కలై బతికింది.

పిల్లను ఎత్తుకుపోయిన ఆ కార్పొరల్‌కు పిల్లల్లేరు. ఆమెను కూతురిలా చూసుకున్నాడు. ఈ ఒక్క విషయం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. దుర్మార్గుడొక్కడే అయితే కథ చెప్పడం తేలిక. తల్లినుంచి విడదీసిన చెయ్యే అన్నం పెట్టిందంటే, ఆ మనిషిని ఏ పేరుతో పిలవాలి? హెరానుష్ నాన్న అనే పిలిచింది. అరవై ఏళ్ల మౌనంలో భయం ఒక్కటే లేదని, ఇటువంటి చిక్కుముడులూ ఉన్నాయని నాకు అక్కడ తెలిసింది.

*

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1915 ఏప్రిల్ 24 రాత్రి ఒట్టోమన్ రాజధానిలో ఆర్మీనియన్ రచయితలను, సంపాదకులను, గురువులను, వైద్యులను వందల సంఖ్యలో అరెస్టు చేశారు. ఆ వేసవి నుంచి అనటోలియా ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. జనాన్ని సిరియా ఎడారి వైపు, దేర్ ఎజ్ జోర్ వైపు నడిపించారు. చనిపోయినవాళ్లను ఆరు లక్షల నుంచి పదిహేను లక్షల దాకా లెక్కగట్టినవాళ్లున్నారు. చాలామంది చరిత్రకారులు పది లక్షలకు తక్కువ కాదంటారు. టర్కీ ప్రభుత్వం దీన్ని జాతి హననమని ఇప్పటికీ ఒప్పుకోదు. ఆర్మీనియన్లు మెత్స్ యెఘేర్న్ అంటారు, మహాఘోరం అని. రఫాయెల్ లెమ్కిన్ కట్టిన 'జెనోసైడ్' అనే మాట అచ్చులోకి వచ్చింది 1944లో. అంటే తమకు జరిగినదానికి లోకంలో పేరన్నది పుట్టేసరికి హెరానుష్ వయసు పిల్లలు నలభైకి దగ్గరపడి, తల్లులై, సంసారాల్లో పడిపోయారు.

బతికి ముస్లిం ఇళ్లలో కలిసిపోయినవాళ్లను టర్కీలో ఒక మాట అనేవారు. కత్తికి తప్పి మిగిలినవాళ్లు, కత్తి ఎంగిలి అన్నట్లు. ఆ మాట పడకుండా ఉండాలంటే పేరు దాచాలి. 1934లో అందరూ ఇంటిపేర్లు పెట్టుకోవాలని అక్కడ చట్టం వచ్చింది. ఆర్మీనియన్ ఇంటిపేర్ల చివర 'యాన్' ఉంటుంది, ఫలానా వారి బిడ్డలు అని అర్థం. కొత్త పేర్లలో ఆ తోక ఉండదు. ఊళ్ల పేర్లూ మారిపోయాయి. మనిషికి పేరు లేదు, ఊరికి పేరు లేదు. ఇక మనవరాలు వెతకాలంటే ఎక్కడని వెతుకుతుంది?

అందుకే ఆ అమ్మమ్మ మొదట చెప్పినవి పేర్లు. పాతర మీద మట్టి మెత్తినా ఆనవాలుకు ఇంటి గడప నుంచి ఎన్ని అడుగులో మా తాత గుర్తుంచుకున్నట్లు, ఆమె ఆ పేర్లను అరవై ఏళ్లు గుర్తుంచుకుంది.

*

తర్వాత ఇంకొన్ని పుస్తకాలు చదివాను. చదివే కొద్దీ మౌనమన్నది ఒక రకం కాదని తెలిసింది.

మైకేల్ ఆర్లెన్ అనే నవలాకారుడు 1920లలో లండన్‌లో వెలిగిపోయాడు. 1924లో వచ్చిన 'ది గ్రీన్ హ్యాట్' ఆయన్ని లోకప్రసిద్ధుణ్ణి చేసింది. సూటూ బూటూ, పసుపు రంగు కారూ, రాజవంశీకుల విందులూ. పుట్టుపేరు దిక్రాన్ కుయుంజియాన్. టర్కిష్‌లో కుయుంజు అంటే కంసాలి. కంసాలివారబ్బాయి దిక్రాన్ అన్నమాట. ఆయన కొడుకు, పేరు అదే మైకేల్ ఆర్లెన్, ఇంట్లో ఆర్మీనియా మాట వినకుండానే పెద్దవాడయ్యాడు. తండ్రి పోయాక ఎందుకీ మౌనం అని వెతుక్కుంటూ సోవియట్ ఆర్మీనియా దాకా వెళ్లి 1975లో 'పాసేజ్ టు అరారత్' రాశాడు. హెరానుష్ ప్రాణభయంతో పేరు దాచింది. తండ్రి ఆర్లెన్‌ను ఎవరూ కత్తితో బెదిరించలేదు. మెరిసే కొత్త గదిలోకి పాత బూడిద అంటిన చెప్పులతో వెళ్లడం ఇష్టంలేక గడప బయటే వదిలేశాడు.

అమెరికన్ కవి పీటర్ బలాకియాన్ ఇంట్లో ఇంకోరకం. న్యూజెర్సీ శివారులో బేస్‌బాల్ చూస్తూ పెరిగిన పిల్లాడికి అమ్మమ్మ నల్లకుక్క కథ చెప్పేది, వింత కలలు చెప్పేది. తల్లిదండ్రులు ఆ మాటే ఎత్తేవాళ్లు కాదు. పిల్లలు తేలిగ్గా పెరగాలని. అమ్మమ్మ పోయిన చాలా ఏళ్లకు, తన భర్తను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పోగొట్టుకున్నందుకు పరిహారం అడుగుతూ ఆమె పెట్టుకున్న దావా కాగితం దొరికింది. కథల్లో కుక్కగా తిరిగింది కాగితం మీద పేర్ల జాబితాగా కనిపించింది. పైగా వాళ్ల వంశంలో గ్రిగోరిస్ బలాకియాన్ అనే మతగురువు 1915 ఏప్రిల్ 24న అరెస్టయి, తప్పించుకుని, తన అనుభవాలను 1922లో పెద్ద గ్రంథంగా అచ్చువేయించాడు. ఇంట్లో పిల్లలకు అదీ తెలియదు. ఆ గ్రంథాన్ని పీటర్ బలాకియానే ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, 2009లో.

భయం, నామోషీ, ప్రేమ. మూడూ చేసే పని మాత్రం ఒకటే. మూతబండ పెట్టి మట్టి మెత్తడం.

*

స్మృతి రాసేవాళ్లకు ఇక్కడ పెద్ద ప్రలోభం ఒకటి ఎదురవుతుంది. ఖాళీలు కనబడగానే నింపాలనిపిస్తుంది. అమ్మమ్మ ఆ రాత్రి ఏమనుకుందో, వాగు నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, తల్లి ఆఖరుసారి ఏమన్నదో. భాష చేతిలో ఉన్నవాడికి ఇవి రాయడం ఎంతసేపు? చదివేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు కూడా. కానీ అది పాతరలోకి మన గింజలు పోసి, అడుగు నుంచి తీశానని చెప్పుకోవడం. పక్కనే కాచుకుని ఉన్నవాళ్లు, అసలక్కడ పాతరే లేదనేవాళ్లు, ఒక్క కల్తీ గింజ దొరికితే చాలు, మొత్తం రాశినే కొట్టిపారేస్తారు.

ఫెతియే ఆ పని చెయ్యలేదు. లాయరు గనక కావచ్చు, సాక్షి చెప్పింది చెప్పినట్లు రాసింది. వాక్యాలు చిన్నవి. అమ్మమ్మ ఆగిన చోట తనూ ఆగింది. ఆమె మాట తప్పించిన చోట, తప్పించిందనే రాసింది. అమ్మమ్మ బతికుండగా అచ్చువేయలేదు. 2000లో అమ్మమ్మ పోయింది. అంత్యక్రియల ప్రార్థన ముందు మసీదు ఆవరణలో చనిపోయినామె తల్లిదండ్రుల పేర్లు అడిగారు. ఎవరో రికార్డులో ఉన్న పేర్లు చెప్పారు. ఫెతియే ఉండబట్టలేక గొంతెత్తింది. అవి కావు, ఇస్గుహి, హొవాన్నెస్ అని.

ఆ సన్నివేశం నాకు పుస్తకమంతటికీ మూలస్తంభంలా అనిపించింది. పాతికేళ్లు కడుపులో దాచుకున్న మనవరాలు, చనిపోయినామె పేరు సరిగా పలకాల్సిన ఆఖరు ఘడియలో నోరు తెరిచింది. దీపం నిలిచింది గనక దిగింది.

ఆ తర్వాత ఇస్తాంబుల్‌లో ఆర్మీనియన్, టర్కిష్ రెండు భాషల్లోనూ వచ్చే 'ఆగోస్' పత్రికలో ఒక మరణవార్త వేయించింది. కొద్ది వాక్యాలు. ఆమె పేరు హెరానుష్, ఫలానావారి కూతురు, ఫలానావారి మనవరాలు, తనవాళ్లను చూడాలని చూడాలని చూడకుండానే పోయింది అని. ఆ నాలుగు వాక్యాలు దేశాలు దాటాయి. అమెరికాలోని బంధువుల చెవిన పడ్డాయి. అక్కడ పుట్టి, అక్కను ఎన్నడూ చూడని చెల్లెలు ఒకామె ఉంది. ఫెతియే వెళ్లి కలిసింది. స్మృతి రచన అంటే నా లెక్కలో ఆ మరణవార్తే. పుస్తకం దానికి వివరణ.

'ఆగోస్' సంపాదకుడు హ్రాంట్ డింక్. 2004 ఫిబ్రవరిలో ఆ పత్రిక ఒక కథనం వేసింది. టర్కీ తొలి మహిళా యుద్ధవిమాన చోదకురాలు, అతాతుర్క్ పెంపుడు కూతురు సబీహా గోక్చెన్ నిజానికి ఆర్మీనియన్ అనాథపిల్ల అని, బంధువునంటూ ఒకామె చెప్పిన మాటలతో. దేశం అట్టుడికింది. ఇస్తాంబుల్ రెండో విమానాశ్రయానికి ఆ గోక్చెన్ పేరే ఉంది మరి. ఒక అమ్మమ్మ పేరు ఒకింటి సంగతి. జాతి ముద్దుబిడ్డ పేరు అట్లా కాదు. మరుసటి ఏడు టర్కిష్ జాతీయతను కించపరిచాడని డింక్‌కు వేరే వ్యాసం మీద శిక్ష పడింది. 2007 జనవరి 19న పత్రిక ఆఫీసు ముందే ఆయన్ని కాల్చి చంపారు. ఆయన తరఫు న్యాయవాది ఫెతియే చెతినే. పాతరలో విషపుగాలి ఉంటుందన్నది అక్కడ పోలిక కాదు.

*

దీపం అంటే నా ఉద్దేశం ఆధారం. మనిషి చెప్పిన మాటకు లోకంలో ఎక్కడో ఒక చోట పొంతన కుదరడం. ఆర్మీనియన్ స్మృతులు రాసేవాళ్లు దీన్ని ఎక్కడెక్కడ వెతుక్కున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

అలెప్పోలో 1920లలో నానాజాతి సమితి తరఫున కారెన్ యెప్పె అనే డెన్మార్క్ మహిళ ఒక శరణాలయం నడిపింది. ఎడారి తెగల ఇళ్ల నుంచి, పల్లెల నుంచి తప్పించుకొచ్చిన ఆడపిల్లలు, కుర్రాళ్లు అక్కడికి చేరేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ రిజిస్టరులో ఒక ఎంట్రీ. ఫొటో, పేరు, వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, కింద జరిగినదంతా ఒక పేరాలో. అట్లాంటివి దాదాపు 1,700. ఆ రిజిస్టర్లు జెనీవాలో ఉన్నాయి. గుమాస్తా భాష, అలంకారం లేదు, ఏడుపు లేదు. నా మట్టుకు నాకు అంతకు మించిన గద్యం అరుదు.

కొందరికి ఆధారం ఒంటి మీదే ఉండేది. తెగల్లో కలిసిపోయిన ఆడపిల్లల ముఖాల మీద, చేతుల మీద ఆ తెగ ఆచారం ప్రకారం నీలి పచ్చబొట్లు పొడిచారు. తర్వాత వాళ్లు తమవాళ్లను చేరారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. పచ్చబొట్లు చెరగవు గదా! సుజాన్ ఖర్దాలియాన్ అనే దర్శకురాలు తన అమ్మమ్మ మీద తీసిన డాక్యుమెంటరీ 2011లో వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ నీలిగుర్తులను రోజూ చూశారు. అవి ఏమిటని ఎవరూ అడగలేదు. పచ్చబొట్టు మన ఊళ్లలో ముచ్చట. కోరి పొడిపించుకున్న గుర్తు. అక్కడ అది ఎవరో రాసిపోయిన వాక్యం. ఆ ముసలామె దాన్ని చివరిదాకా ముఖం మీద మోసింది.

ఇంకొందరి ఆధారం వంటింట్లో దొరికింది. ఫెతియే చిన్నప్పుడు ఏటా ఒక రోజున అమ్మమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొందరూ ఒకరింటికొకరు వెళ్లేవాళ్లు. వెళ్లిన చోటల్లా జడలా అల్లిన తీపి రొట్టె, చోరెక్, పెట్టేవాళ్లు. పిల్లలకు అది తిండి. ఏళ్లు గడిచాక తెలిసింది, అది ఈస్టర్ రొట్టె. ఆ ఆడవాళ్లంతా ఒకే దారిన నడిచి మిగిలినవాళ్లు. పండగ అని ఎవరూ అనలేదు, దేవుడి పేరెత్తలేదు. పిండి పిసికి, మూడు పాయలుగా తీసి జడ వేశారు, అంతే. నోరు మూసుకున్నా చెయ్యి ఊరుకోలేదు.

బయటి దేశాల్లో బతికి బట్టకట్టినవాళ్లు వేరే దారి పట్టారు. పోయిన ఊరికొక పుస్తకం వేసుకున్నారు. వాటిని హుషమాత్యాన్ అంటారు, స్మృతి గ్రంథాలని. బేరూత్‌లోనో, బోస్టన్‌లోనో ఒకే ఊరివాళ్లు చందాలు వేసుకుని, గుర్తున్నంతవరకు వీధుల పటం గీసి, ఏ ఇంట్లో ఎవరుండేవాళ్లో, ఆ ఊరి సామెతలేమిటో, పెళ్లిళ్లెట్లా చేసేవాళ్లో రాసుకున్నారు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల పెద్దవాళ్లు మా వైపు ఇప్పటికీ అట్లా మాటల్తోనే వీధులు గీస్తారు. వాళ్లకు పుస్తకం వేసినవాళ్లు తక్కువ.

*

ఆర్మీనియా రాజధాని యెరెవాన్‌లో మతెనదారాన్ అనే రాతప్రతుల భాండాగారం ఉంది. అక్కడ ముష్ ప్రసంగ గ్రంథం అని ఒకటుంది. 1200–1202 ప్రాంతంలో దూడతోలు మీద రాసింది, బరువు 28 కిలోలు. 1915లో ముష్ మఠం ధ్వంసమైనప్పుడు ఇద్దరు ఆడవాళ్లకు అది దొరికిందట. ఒక్కరు మొయ్యలేక రెండుగా విడదీసి చెరి సగం మోసుకుంటూ బయల్దేరారు. ఒక సగం ఆర్మీనియాలోని ఎచ్‌మియాజిన్ చేరింది. రెండో సగాన్ని ఎర్జురూమ్ దగ్గర ఒక చర్చి ఆవరణలో పాతిపెడితే తర్వాత ఒక సైనికాధికారికి దొరికింది. ఇప్పుడు రెండు సగాలూ ఒక్క కప్పు కింద ఉన్నాయి.

పాతిపెట్టిన పుస్తకం! దాచినట్లా, పూడ్చినట్లా? తీసినవాడు ఉండబట్టి దాచినట్లయింది. లేకపోతే పూడ్చినట్లే. ఆ పుస్తకం ఏ మఠానిదో, ఎప్పటిదో, బరువెంతో అన్నీ తెలుసు. మోసిన ఇద్దరూ మాత్రం నేను చదివిన చోటల్లా 'ఇద్దరు ఆడవాళ్లు'గానే ఉన్నారు.

*

ఈ చదువుల మధ్యలో ఒకనాడు హైదరాబాదు పాతబస్తీలో ఉప్పుగూడ వెళ్లాను. ఇళ్ల సందుల్లో ఒక ఆర్మీనియన్ శ్మశానం ఉంది. 17వ శతాబ్దపు సమాధులు, రాళ్ల మీద శిలువలు, ఆర్మీనియన్ అక్షరాలు. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ కూర్చిన లిపి. నాకు ఒక్క అక్షరమూ చదవరాలేదు. ఇరాన్‌ను ఏలిన షా అబ్బాస్ 1604, 1605లలో అరాక్స్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, జనాన్ని ఇస్ఫహాన్ పక్కకు తరలించాడు. వాళ్లు అక్కడ కట్టుకున్నది కొత్త జుల్ఫా. అక్కడి వర్తకులే పట్టు, రత్నాల బేరానికి మచిలీపట్నం రేవులోనూ, గోల్కొండ బజార్లలోనూ దిగారు. అంటే మన మట్టిలో పడుకున్నవాళ్లలోనూ నడిపించబడినవాళ్ల బిడ్డలున్నారు. మూడొందల ఏళ్ల ముందటి దారి అది. ఊరు పోయాక పాత పేరు ముందు 'కొత్త' అని చేర్చి ఊరిని మళ్లీ కట్టుకోవడం వాళ్లకు అప్పుడే అలవాటైంది.

చెన్నపట్నంలో ఆర్మీనియన్ వీధి ఉంది. ప్రపంచంలోకెల్లా మొదటి ఆర్మీనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది ఆ పట్నంలోనే. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న హరుత్యున్ ష్మవోన్యన్ అనే గురువు ఆ దుఃఖం తర్వాత అచ్చుయంత్రం పెట్టి నడిపాడు. తమిళంలో ఆ వీధిని అరణ్మనైక్కారన్ వీధి అంటారు. అరణ్మనై అంటే రాజభవనం. ఆర్మీనియన్ అన్న మాట ఊరి నోట్లో నలిగి నలిగి రాజభవనంవారైంది. ఎవరూ దాచలేదు, ఎవరూ నిషేధించలేదు. పలికేవాళ్లకు అర్థం తెలియక, తెలిసిన అర్థమేదో తొడిగారు. పేరు ఇట్లా కూడా పోతుంది.

*

ఆ వీధి దగ్గరే నా తప్పు నాకు దొరికింది.

మహాలయ అమావాస్య రోజు మా ఇంట్లో పెద్దల పేరున స్వయంపాకం ఇస్తాం. అయ్యవారు అడుగుతారు, నాన్న పేర్లు చెబుతాడు. నాలుగేళ్ల కిందట నాన్న ఒంట్లో బాగాలేక నన్ను కూచోబెట్టాడు. మా అవ్వ పేరు చెప్పాను. ఆమె తల్లి పేరు అడిగారు. నేను నాన్న వైపు చూశాను, నాన్న గోడ వైపు చూశాడు. 'అందరూ పెద్దవ్వ అనేవాళ్లు' అన్నాడు చివరికి. అయ్యవారు ఏదో మంత్రం సర్దుకుని ముందుకు పోయారు.

ఫెతియే పుస్తకం చదివిన కొత్తలో మా ఇంట్లోనూ ఇట్లాంటి మౌనం ఒకటి ఉందని నాకు లోలోపల గర్వంలాంటిదేదో కలిగింది. మా అవ్వ గురించి రాయడానికి నోటుబుక్కు కొన్నాను. రెండు పేజీలు రాశాక నాకే ఎబ్బెట్టుగా తోచింది. మాది మౌనం కాదు, మరుపు. మా పెద్దవ్వ నోరు ఎవరూ నొక్కలేదు. పేరు చెబితే ప్రాణం తీస్తామని ఎవరూ అనలేదు. ఆమె పేరు ఎవరూ అడగలేదు, అంతే. అక్కడ చెప్పనివ్వలేదు, ఇక్కడ అడగలేదు. హెరానుష్ అరవై ఏళ్లు పేర్లను మనసులోనే ఉంచుకుని కాపాడుకుంది. మేమేమో ఊరి నడిమధ్యన, ఏ భయమూ లేకుండా, పోగొట్టుకున్నాం. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే ఆమెకు అన్యాయం. మాకు అనర్హమైన గౌరవం.

అయినా నోటుబుక్కు పారెయ్యలేదు. ఆర్మీనియన్ మనవరాళ్లు నాకు నేర్పిన పని ఒకటుంది గదా, అడగడం. నాన్నను అడిగాను. మేనత్తను అడిగాను. పక్కూళ్లో అవ్వ పుట్టింటివైపు ముసలాయన ఒకరుంటే వెళ్లి అడిగాను. పెద్దవ్వ పొట్టిగా ఉండేదన్నాడు ఆయన. కరువులో పుట్టిందనీ, పశువులకు మందు తెలుసుననీ చెప్పాడు. పేరు దగ్గరికొచ్చేసరికి చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

పాతర ఖాళీ అయ్యాక మా తాత దాన్ని వెంటనే పూడ్చేవాడు కాదు. మళ్లీ గింజలు వస్తే పనికొస్తుందని. అట్లాగని వదిలేసేవాడూ కాదు. చీకట్లో మనుషులో, గొడ్లో పడతారు. చుట్టూ ముళ్లకంప వేసేవాడు. ఇక్కడ గొయ్యి ఉంది, చూసి నడవండి అని దారిన పోయేవాళ్లకు చెప్పడానికి.

నోటుబుక్కులో మొదటి పేజీ తిరగరాశాను. నాన్న పేరు, నాన్న తల్లి పేరు. ఆమె తల్లి పేరు ఉండాల్సిన చోట, నాకు నచ్చిన పాతకాలపు పేర్లు మూడు నాలుగు నాలుక చివరిదాకా వచ్చాయి. ఏదీ రాయలేదు. ఒక పేరు పట్టేంత చోటు వదిలి, దాని చుట్టూ కలంతో గీత గీశాను. కంప వేశాను.